ప్రమిద చేసిన చెయ్యి

విజయవాడలో నది ఒడ్డున ఉన్న ఆ ట్రస్టు మ్యూజియంలో సువర్చల చేసే ఉద్యోగానికి కాగితం మీద పెద్ద పేరే ఉంది. ఇంట్లో మాత్రం ఆమె దాన్ని ఒక్క ముక్కలో చెప్పేది: వచ్చినవాళ్లను కాసేపు నిలబెట్టడం.

వాళ్లు నిలబడేవారు కాదు. కృష్ణా లోయ తవ్వకాల్లో దొరికిన కుండలూ పూసలూ, రోము నుంచి ఓడల్లో వచ్చిన జాడీల ముక్కలు, బాబిలోను మట్టి పలకలు, ఈజిప్టు సమాధిలోంచి తెచ్చిన ఒక పిల్లి మమ్మీ, ఇంత ప్రాచీన ప్రపంచమూ కొద్దిపాటి గదుల్లో అద్దాల వెనక ఉండేది. బడిపిల్లలు వరసగా వచ్చి వరసగా పోయేవారు. పిల్లి దగ్గర కాస్త తోసుకునేవారు. పెద్దవాళ్లు ఏసీ బాగా తగిలే చోట ఆగేవారు. సువర్చల బోర్డుల మీద అక్షరాలు పెద్దవి చేయించింది. సెలవుల్లో కథలు చెప్పించింది, క్విజ్ పోటీలు పెట్టింది. అయినా అద్దానికి ఇవతలి మనిషికీ అవతలి మట్టికీ మధ్య ఏ బంధమూ కుదరలేదు.

అలాంటి రోజుల్లో ఫణిభూషణ్ వచ్చాడు. ఊళ్లోనే ఒక ఇంజినీరింగు కాలేజీలో పక్షవాతం వచ్చినవాళ్ల కోసం చేతి తొడుగులు తయారుచేస్తున్న కుర్రాడు. పడిపోయిన వేళ్లను తొడుగే వంచి, చాచి, పాత అలవాటును గుర్తు చేస్తుందన్నమాట. అక్క పిల్లలను మ్యూజియం చూపించడానికి తీసుకొచ్చి, పిల్లలు గేటు దాకా వెళ్లిపోయినా తను ఒక అద్దాల పెట్టె ముందే ఉండిపోయాడు. అందులో ఉన్నది ఒక మట్టి ప్రమిద. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల నాటిది. అరచేతిలో ఇమిడిపోతుంది. కుమ్మరి సారె మీద చేసింది కాదు, మట్టిముద్దను చేత్తో నొక్కి చేసింది.

నిలబడ్డ మనిషి కనబడితే సువర్చల వదిలే రకం కాదు. వెళ్లి పలకరించింది.

"ఇది ప్రమిదే కాదు మేడమ్, ఒక చేతికి అచ్చు కూడా," అన్నాడు అతను. "ఏ వేలు ముందు పడిందో, ఏది దాని మీద పడిందో, ఎంత గట్టిగా నొక్కారో అన్నీ ఇందులోనే ఉన్నాయి. నొక్కుల్ని కొలిస్తే ఆ చెయ్యి ఎలా కదిలిందో తిరిగి రాబట్టొచ్చు."

మ్యూజియం డైరెక్టరు సీతాపతిరావు మొదట నవ్వాడు. తర్వాత ప్రమిదను కాలేజీకి పంపడానికి ఒప్పుకోలేదు గాని, కొలిచే యంత్రాన్నే మ్యూజియంలోకి తెచ్చుకోమన్నాడు. వెనక గదిలో లైట్లు, కెమెరాలు పెట్టి ఫణి ప్రమిదలోని ప్రతి గుంటనూ కొలిచాడు. కొన్ని నెలలకు ఒక కుడిచేతి తొడుగు తయారయింది. వేళ్ల వెంబడి సన్నని గొట్టాలు, వాటిలో గాలి. గాలి నిండిన చోట వేలు వంగుతుంది. పోయిన చోట చాచుకుంటుంది.

మొదట తొడుక్కున్నది సువర్చలే. ముందు తడిమట్టి ముద్ద పెట్టారు. మీట నొక్కగానే ఆమె బొటనవేలు తనంతట తానే ముద్ద నడుమకు దిగింది. అరచెయ్యి కొద్దిగా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తొందర లేదు. వేలవేల ప్రమిదలు చేసిన చేతికి ఉండే నిదానం అది. అంచు దగ్గరకు వచ్చేసరికి ఆమె ఉంగరపు వేలు మాత్రం కర్రలా ఉండిపోయింది.

ఆ వేలు వంగట్లేదేమిటని ఆమె అడిగింది. ఫణి గొట్టాలన్నీ విప్పి చూశాడు. తొడుగులో లోపం లేదు. ప్రమిదను మళ్లీ కొలిచాడు. ఆ వేలి గుర్తు ఎక్కడా లేదు. ఆ మనిషికే ఉంగరపు వేలు వంగేది కాదు. ఎప్పుడో దెబ్బ తగిలిందో, కీలు బిగుసుకుపోయిందో. వేళ్ల పొడవును బట్టి చూస్తే బహుశా స్త్రీ. ఆ రోజు నుంచి సువర్చల ఆమెను మామ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

కానీ ఒక నొక్కుకూ ఇంకో నొక్కుకూ మధ్య చెయ్యి ఏ దారిన వెళ్లిందో మట్టి చెప్పదు. బతికున్న మనిషి ఒకరు ఆ తొడుగు తొడుక్కుని మళ్లీ మళ్లీ చేస్తూ పోవాలి. చేతికి సుఖంగా అనిపించిన దారిని యంత్రం పట్టుకుంటుంది. అందుకు మెత్తగా, చురుగ్గా ఉండే చెయ్యి కావాలి. సువర్చల చేతికి సాటి వచ్చే చెయ్యి ఆ మ్యూజియంలో ఇంకొకటి లేదు. ఎందుకంటే ఆమె ఇంట్లో నోటితో మాట్లాడేది తక్కువ.

ఆమె కూతురు లిఖితకు పుట్టుకతోనే వినపడదు. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో నేర్చిన సైగలు కొన్ని, తల్లీకూతుళ్లు వంటింట్లో కల్పించుకున్నవి కొన్ని, అన్నీ కలిసి ఆ ఇంటికి ఒక భాష. సువర్చల భర్త మాధవ్ గూడ్సు రైళ్లలో గార్డు. వారంలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. అతనికీ సైగలు వచ్చు గాని, తల్లీకూతుళ్లు వేగం అందుకుంటే సగం జారిపోయేవి. వాళ్లిద్దరి చేతులూ అలా పరిగెత్తేవి.

చాలా నెలలపాటు మధ్యాహ్నం భోజనమయ్యాక సువర్చల వెనక గదిలో తొడుగుతో కూర్చుంది. మొదట్లో తొడుగు లాగితే చెయ్యి వెళ్లేది. రానురాను తొడుగు లాగకముందే వెళ్లేది. ఫణికి ఆ సంగతి గర్వంగా ఉండేది. ఆమెకూ ఉండేది. ఏ పుస్తకంలోనూ పేరు లేని ఒక మామ్మ పక్కన కూర్చుని పని నేర్పుతున్నట్టుండేది. ఆ గంటసేపూ ఆఫీసు గొడవలు మనసుకు వచ్చేవి కావు.

ప్రదర్శన తెరిచాక నది ఒడ్డున మొదటిసారి క్యూ కనబడింది. ఒక్కొక్కరు తొడుగు పెట్టుకుని, పక్కనున్న అద్దంలోని అసలు ప్రమిదను చూస్తూ దాన్ని తమ చేతులతో చేశారు. పిల్లి మమ్మీని ఎవరూ అడగలేదు. ఒక ట్రాఫిక్ కానిస్టేబులు ప్రమిద పూర్తి చేసి, మా అమ్మ గారెలు తట్టేటప్పుడు ఇలాగే మధ్యలో ఆగేదండీ అని చెప్పి, టోపీ మరిచిపోయి వెళ్లిపోయాడు. బడిపిల్లలు ఇంటికెళ్లి అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. భుజంగాచారి అనే పెద్దాయన అయితే రోజూ వచ్చేవాడు. కంసాలి పని చేసి చేసి, చూపు తగ్గాక మానేశాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని తన వంతు కోసం కూర్చునేవాడు.

ఇంట్లో మార్పు చాలా చిన్నగా మొదలైంది. లిఖిత "ఏంటి?" అని రెండోసారి అడగడం ఎక్కువైంది. తర్వాత పక్కగదిలో ఉండి కూడా ఫోనులో రాసి పంపడం మొదలుపెట్టింది. ఈ కాలం పిల్లలంతే అనుకుంది సువర్చల. ఇంకొన్నాళ్లకు కూతురు తనతో నిదానంగా, ఒక్కో సైగనూ విడదీసి, బస్సులో కొత్తవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడుతోందని గమనించింది. వయసు పెరిగి మర్యాద వచ్చిందనుకుంది.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున లిఖిత బడి వ్యాను ఎక్కుతుంటే, సువర్చలకు సాయంత్రం మీటింగు ఉందని గుర్తొచ్చింది. రోడ్డుకు ఇవతలి నుంచే చేత్తో చెప్పింది: సాయంత్రం గేటు దగ్గరే ఆగు, నేనే వచ్చి తీసుకెళ్తాను. లిఖిత తలూపింది. సాయంత్రం సువర్చల వెళ్లేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వ్యాను వెళ్లిపోయింది, పిల్ల అందులో ఎక్కలేదు. బడికి ఫోను తీసుకెళ్లనివ్వరు. వాన దంచి కొడుతోంది. టీచర్లు, వాచ్‌మన్ తలా ఒక దిక్కుకు పరిగెత్తారు. చివరికి బస్టాండులో, విచారణ కౌంటరు పక్కన, తడిసి ముద్దయి దొరికింది. హైవే దాటి నడిచి వెళ్లింది. వెనక వచ్చే లారీ హారను వినపడని పిల్ల.

ఇంటికి తెచ్చి తల తుడుస్తూ, ఎందుకు వెళ్లావని అడిగింది సువర్చల.

"నువ్వేగా వెళ్లిపొమ్మన్నావు. బస్టాండుకి రమ్మన్నావు," అంది లిఖిత చేతులతో.

"ఆగమన్నాను."

లిఖిత తువ్వాలు పక్కన పెట్టి తల్లి కుడిచెయ్యి పట్టుకుంది. వాళ్ల సైగల్లో ఆగడానికీ వెళ్లడానికీ, గేటుకూ బస్టాండుకూ తేడా చివరి రెండు వేళ్ల మడతలో ఉంటుంది. ఆ ఉంగరపు వేలిని మెల్లగా లోపలికి నొక్కింది. అది మడత పడలేదు.

"చాలా రోజుల్నుంచి ఇది వంగట్లేదు. నీ చెయ్యి మధ్యమధ్య ఆగిపోతోంది కూడా. నువ్వు మాట్లాడినట్టు లేదు. ఇంకెవరో మాట్లాడుతున్నట్టుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

లిఖిత తువ్వాలును మడతపెట్టింది. "నీకు ఆ మామ్మంటే ఇష్టం కదా," అంది చివరికి.

మర్నాడు సువర్చల నేరుగా వెనక గదికి వెళ్లింది. ఫణి మొదట అలసటేమో అన్నాడు. తర్వాత ఒక మట్టిముద్ద తెచ్చి, తొడుగు లేకుండా, కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఆమె గిన్నె చేద్దామనుకుంది. కళ్లు తెరిచి చూస్తే ప్రమిద. ఫణి దాన్ని యంత్రం కింద పెట్టి కొలిచాడు. తెర మీద ఆమెవీ మామ్మవీ రెండు చేతుల గుర్తులూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. అతని ముఖం వెలిగిపోయింది. ఇంతకాలం తను చెబుతూ వచ్చినది నిజమేననడానికి ఇంతకు మించిన రుజువు ఉండదు. మేడమ్ చూశారా అంటూ తిరిగి, ఆమె ముఖం చూసి, ఆ మాట సగంలోనే ఆపేశాడు.

"పక్షవాతం వచ్చినవాళ్లకి ఇది పనిచేసేది ఇందుకే," అన్నాడు తెర ఆపేసి. "ఖాళీ అయిన చోట అలవాటు నింపుతుంది. మీ చేతిలో ఖాళీ లేదు. ఉన్నదాని మీదే ఇది వచ్చి కూర్చున్నట్టుంది. నాకు తట్టలేదండీ. తట్టాల్సింది."

తనొక్కదాని సంగతే అయితే సువర్చల ఊరుకునేదేమో. కానీ ఆ కుర్చీలో రోజూ కూర్చునే మనిషి గుర్తొచ్చాడు. గవర్నరుపేటలో భుజంగాచారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన కొడుకు కొట్టులో ఉన్నాడు, పెద్దాయన వరండాలో ఉన్నాడు. మాటల మధ్యలో చెయ్యి చూపించమని అడిగితే చాపాడు. గుప్పిట ముయ్యమంది. ఉంగరపు వేలు నిటారుగా నిలబడింది.

"నాకు తెలుసమ్మా," అన్నాడాయన తాపీగా. "మనవరాలి గొలుసు కొక్కెం పెడదామంటే పట్టు చిక్కలేదు. అప్పుడే తెలిసింది."

తెలిసీ ఎందుకు వస్తున్నారని ఆమె అడిగింది.

"చూపు పోయాక ఈ చెయ్యి పనికిరాకుండా పడుంది. ప్రమిద చేసిన ఆవిడ వచ్చాక మళ్లీ ఏదో ఒకటి చేస్తోంది. పోతే నా పాత చెయ్యే కదా పోయేది. నాకు దిగుల్లేదు. మీరు మాత్రం అది తీసెయ్యకండమ్మా."

సువర్చల ఆయన ఇప్పించిన కాఫీ తాగి వచ్చేసింది.

సువర్చలా ఫణీ చెప్పిందంతా సీతాపతిరావు విన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ మ్యూజియంలోనే జుట్టు నెరిసినవాడు. ఎవరూ రాని గదుల్లో ఒంటరిగా తిరగడం ఆయనకు బాగా తెలుసు. గేటు దగ్గరి క్యూను చూసుకోవడానికి ఈ మధ్య తన గది కిటికీ తెర కూడా తీయించేశాడు.

"ఇన్నేళ్లలో మొదటిసారి మనవాళ్లు ఆ కాలపు మనుషుల్ని మనుషులుగా చూస్తున్నారు. ఈ మాట నువ్వే అన్నావు సువర్చలా," అన్నాడు.

"నేనే అన్నానండీ. అదీ నిజమే, ఇదీ నిజమే."

మనిషికి ఒక్కసారే అని నియమం పెడదామన్నాడు. ఒక్కసారితో ఏమీ కాదు కదా అని ఫణి వైపు చూశాడు. ఒక్కసారికి కాదని ఫణి ఒప్పుకున్నాడు. అయితే ఎన్నిసార్లకు అవుతుందో తనకు తెలియదన్నాడు. పెద్దవాళ్ల లెక్క పిల్లలకు వర్తించదనీ, రాయడం ఇంకా కుదురుకోని చేతుల్లో మార్పు త్వరగా రావచ్చనీ చెప్పాడు. నెలలో మూడుసార్లు వచ్చిన బడిపిల్లలున్నారు. సీతాపతిరావు చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుని, తర్వాత లేచి, ఆ పూటే ప్రదర్శన గది మూయించాడు. బుక్ చేసుకున్న బడులకు తనే స్వయంగా ఫోన్లు చేసి చెప్పాడు. కొందరు హెడ్మాస్టర్లు గట్టిగానే మాట్లాడారు. ఆయన ఎవరి మీదా నెపం పెట్టలేదు. పదేపదే వచ్చిన పిల్లల ఇళ్లకు మాత్రం సువర్చలే వెళ్లి, చేతులు చూసి, చూపించుకోవాల్సిన డాక్టరు పేరు చెప్పి వచ్చింది. ఇద్దరు పిల్లల రాత కొద్దిగా మారింది. కొన్ని వారాల్లో మళ్లీ దారికొచ్చింది.

ఫణి ఆ కదలికలన్నిటినీ యంత్రంలోంచి చెరిపేస్తానన్నాడు. సువర్చల వద్దంది. ప్రమిద ఎలా మన దగ్గర భద్రంగా ఉందో అవీ అలాగే ఉండాలంది. తొడుక్కోకూడదు, అంతే. అతను ఆ కదలికలను తెర మీద బొమ్మగా మార్చి ఇచ్చాడు. బిగుసుకున్న వేలున్న ఒక చెయ్యి నిదానంగా ప్రమిద చేస్తూ ఉంటుంది. తెర కింద బల్ల, బల్ల మీద తడిమట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి. చూసినవాళ్లు తమ చేత్తో తాము చేసుకోవచ్చు. వంకర వస్తే వంకరే. క్యూ సగానికి పైగా తగ్గింది. ఉన్నవాళ్లు మాత్రం బల్ల దగ్గర చాలాసేపే ఉండేవారు. భుజంగాచారికి సువర్చల రెండుసార్లు కబురు పంపింది. ఆయన మళ్లీ రాలేదు.

నరాల డాక్టరు మందులేవీ రాయలేదు. సైకిలు నేర్చుకున్నట్టు ఆ చెయ్యి ఒక పని నేర్చుకుందనీ, మరిపించాలంటే పాత పనే ఎక్కువగా చేయించాలనీ చెప్పాడు. అంటే మాట్లాడాలి. ఎవరితో మాట్లాడాలో వేరే చెప్పక్కర్లేదు.

లిఖిత అద్దం ముందు తల్లిని కూర్చోబెట్టి సైగలు దిద్దించింది. బడిలో తన టీచరు ఎంత కఠినంగా ఉంటుందో అంత కఠినంగా ఉండేది. తప్పు చేస్తే వేలు పట్టుకుని వంచేది. నొప్పి పుట్టేది. అన్నిటికంటే కష్టం, చెయ్యి మధ్యలో ఆగే ఆ నిదానాన్ని వదిలించుకోవడం. సువర్చలకు ఆ నిదానం ఇష్టమైపోయింది. ఒకరోజు మధ్యాహ్నం కాళ్లు వాటంతటవే వెనక గదికి తీసుకెళ్లాయి. ఒక్కసారి తొడుక్కుంటానని అడిగింది. ఫణి బీరువాకు తాళం వేసి తాళంచెవి డైరెక్టరు గారికి ఇచ్చేశానని చెప్పాడు. ఆమెకు సిగ్గేసింది, ఊపిరీ వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శీతాకాలానికి ఉంగరపు వేలు సగం వంగింది. ఉగాది దాటేసరికి పూర్తిగా వంగింది. ఆ రోజు మాధవ్ స్వీట్లు తెచ్చాడు. సువర్చల తింటూనే ఉంది గాని, ఇంట్లో చాలాకాలం ఉండి వెళ్లిపోయిన మనిషి మంచం ఖాళీగా కనిపించినట్టు లోపల ఎక్కడో వెలితి ఉండిపోయింది. లిఖిత మాత్రం ఇంకా జాగ్రత్తగానే ఉండేది. తల్లి ఏదైనా చెబుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని, ఒక్క ముక్క జారకుండా చూసేది. తను చెప్పేది నెమ్మదిగా చెప్పేది. అర్థమైంది కదా అని మధ్యలో ఆగి అడిగేది. ఆ మర్యాద సువర్చలను వేలి నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టేది.

వేసవి సెలవుల ముందు ఒక ఆదివారం లిఖిత వంటింట్లోకి వచ్చి, హైదరాబాదులో వాలీబాలు క్యాంపు ఉందనీ, బడి నుంచి అమ్మాయిలందరూ వెళ్తున్నారనీ, తనూ వెళ్తాననీ అంది. సువర్చల వద్దంది. ఎందుకు వద్దని అడిగింది లిఖిత. రోడ్లు, బస్సులు, వానలో ఆ సాయంత్రం, అన్నీ చెప్పుకొచ్చింది సువర్చల. ఆ సాయంత్రం తప్పెవరిదని లిఖిత ఎదురు అడిగింది. గరిటె గట్టు మీద పడింది. ఇద్దరి చేతులూ వేగం అందుకున్నాయి. నువ్వింకా చిన్నపిల్లవని తల్లి, అయితే నీ చేతికి పాఠాలు చెప్పిందెవరని కూతురు, దానికీ దీనికీ సంబంధమేమిటని తల్లి. పొయ్యి మీద ఎసరు పొంగి గిన్నె పక్కలంతా కారింది. డ్యూటీ దిగి వచ్చిన మాధవ్ బ్యాగు భుజానే ఉంచుకుని గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూశాడు. అతనికి పదింట రెండు ముక్కలు కూడా అందలేదు.

సువర్చల ఇంకా ఏదో చెబుతుండగానే లిఖిత రెండు కళ్లూ గట్టిగా మూసేసుకుంది. వినపడని పిల్ల ఇంక నీ మాట నాకొద్దు అనడానికి అంతకు మించి చేయగలిగింది లేదు.

సువర్చల చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఎన్నో నెలలుగా రెప్ప వెయ్యడానికి భయపడ్డ పిల్ల. తల్లి చేతిలో ఒక్క ముక్క తప్పిపోతే ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టి చూసిన పిల్ల. ఇప్పుడు అన్నీ అర్థమై, ఇంక చాలని మొండిగా కళ్లు మూసుకుని నిలబడింది.

మాధవ్ కంగారుగా ఏమైందని అడిగాడు. సువర్చల ఏం కాలేదని తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అతను నమ్మలేదు. ఆమె పొయ్యి తగ్గించి, గిన్నె మీది మూత తీసి, కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి కూతురు ఎదురుగా నిలబడింది. ఆ కళ్లు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకోక తప్పదు. ఆమె చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.